ఒక్క రోజు ప్యాకేజీ

బరంపురంలో పొద్దున్న ఏడుకి ఎక్కితే
తప్తపాణి, చంద్రగిరి, జిరంగ బౌద్ధమఠం,
చీకటి పడకుండా మళ్ళీ బరంపురం.
డీజిల్ నాది, టిఫిన్ మీది.
నోటికొచ్చేసిన పాఠం.
ఒడియాలో ఓసారి, హిందీలో ఓసారి,
మనవాళ్ళని తెలిస్తే తెలుగులో.

ఈవేళ ముగ్గురు నర్సమ్మలు.
పెద్దాసుపత్రి గేటు దగ్గర ఎక్కారు
రాత్రి డ్యూటీ దిగి, జుట్టైనా దువ్వుకోకుండా.
"దండపాణి భాయ్, అన్ని పాయింట్లూ సూపించాల,
ఒక్కటీ వదిలీకు" అంది హైమావతి.
మినతి కిటికీ సీటు కోసం తగువాడింది.
జోసెఫిన్ ఏమీ అనలేదు.
ఫోను కెమెరా తుడుచుకుంది
చున్నీ కొసతో, రెండుసార్లు.

దిగపహండి రాకముందే
మూడు తలలూ ఒకదాని మీదొకటి వాలిపోయాయి
సంత బస్తాలో గుమ్మడికాయల్లా.

మొదటి పాయింటు, వేణ్ణీళ్ళ బుగ్గ.
గంధకం వాసన లోపలికి తొంగిచూసింది,
ఎవరూ కదల్లేదు.
హారన్ మీద చెయ్యి పెట్టి
తీసేశాను.
హైమావతి మణికట్టు మీద నీలం ఇంకు అంకెలు:
ఏ మంచం, ఎన్ని చుక్కలు, ఎన్నింటికి.

అక్కణ్ణుంచి ఘాటీ.
మా నాన్న మగ్గం గుంటలో కూర్చునేవాడు.
ఆయన కాళ్ళ కింద రెండు చెక్కలు,
నా కాళ్ళ కింద మూడు.
పేరు చేతికొస్తుంది గానీ
పోగు తెగకుండా చూసేది పాదంరా, అనేవాడు.
మగ్గం అమ్మేసిన పదహారేళ్ళకి
ఆ మాట బ్రేకు మీద పనికొచ్చింది.
గుంతకి కూడా తెలియనివ్వలేదు
మేం దాని మీంచి వెళ్ళామని.

ఈ దారిన ఎన్నిసార్లు వచ్చానో
టైర్లనడగాలి.
చూసిందెప్పుడూ తారు, ఎదురు లారీ,
అద్దంలో వాంతికి సిద్ధమవుతున్న పిల్లాడు.
జనం దిగి ఫోటోలు తీసుకుంటుంటే
నేను బానెట్ ఎత్తి ఆయిలు చూసుకునేవాణ్ణి.

ఈవేళ కొండ మలుపులో దిగేవాళ్ళెవరూ లేరు.
నేను దిగాను.
తలుపు చప్పుడు కాకుండా నొక్కి.

కొండ, దాని వెనక కొండ,
దాని వెనక
కొండో మబ్బో తేలనిది.
కింద వలిసెల చేలు, పసుపు నీళ్ళు వార్చినట్టు.
వాటి మధ్య కాలిబాటలో ఎర్ర గొడుగొకటి
పైకి వస్తోంది, నింపాదిగా,
ఎండకా, మంచుకా, ఎందుకేసుకుందో.
రోడ్డు దాకా వస్తుందేమోనని చూశాను.
సగంలో ఆగి
ఇటే చూసినట్టుంది.
తర్వాత చింతల వెనక్కి తిరిగిపోయింది.

చంద్రగిరిలో అయిదు రంగుల జెండాలు
గాలి చేత చదివించుకుంటున్నాయి.
కాల్చిన మొక్కజొన్న నాలుగు కొన్నాను.
మఠం గేటు దగ్గర ఓ లామా కుర్రాడు
కారులోకి తొంగిచూసి
పెదాల మీద వేలు పెట్టుకున్నాడు
అల్లరి చేస్తున్నది నేనే అయినట్టు.

బరంపురం పొలిమేరలో మినతి లేచింది.
"వచ్చేశామా?"
"వచ్చేశాం."
"ఎక్కడికి?"

సిగ్నల్ దగ్గర ఆగి చెప్పాను.
తిట్లు మొదట ఒడియాలో, తర్వాత తెలుగులో,
ఆ తర్వాత నవ్వులు.
ఇంత నిద్ర ఏ హోటల్ ఇస్తుంది ఈ రేటుకి, అంది హైమావతి.
"సరే, నువ్వేం చూశావో చెప్పు, డబ్బులకి న్యాయం చెయ్యి."

కొండలు చెప్పాను. వలిసెలు చెప్పాను.
జెండాలు, లామా, చల్లారిన పొత్తులు.
ఎర్ర గొడుగు చెప్పాను.

జోసెఫిన్ నవ్వు ఆపింది.
"ఏ మలుపు? తెల్ల శిలువ దాటాకా?"
"ఆ."
"చింతలున్న చోటా?"
"ఆ."
"ఇన్నింటికి ఈ దారినే వస్తానని
నిన్న ఫోన్ చేసి చెప్పాను" అంది.
"గొడుగు పిడి... దారం చుట్టి ఉందా?"

అంత దూరం కనపడలేదు నాకు.

వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి.
సిగ్నల్ ఎప్పుడు పచ్చగా మారిందో.