రెండు డబ్బలు

బ్రేకు తొక్కితే వ్యాను
పలుగురాయి మీద పార గీసినట్టు కీసుమన్నది,
గొర్రెకుంట మూలమలుపు కాడ.
వెనుక పదకొండు మంది బడిపిల్లలు
ఒక్కసారే ముందుకు ఒరిగి, ఒక్కసారే నవ్విండ్రు.
నేను నవ్వలే.

అంకూస్ భాయ్ చక్రం విప్పి
ప్యాడు తీసి నా అరచేతుల పెట్టిండు.
మసాలా అంతా అరిగి ఇనుము తేలింది,
ఉల్లిపొరంత మందం గూడ మిగల్లే.
"పొయ్యి తెచ్చుకో మొగిలన్నా,
డిస్కు ఇంకా బతికే ఉన్నది."
ఏది తేవాల్నో చెప్పలే.

పుఖ్‌రాజ్ సేటు దుకాండ్ల
గాజు కౌంటర్ మీద రెండు డబ్బలు.
ఒకటి పదకొండు వందల అరవై.
ఒకటి మూడు వందల ఎనభై.
రెండిట్లనూ నాలుగేసి ముక్కలు,
అవే చెవులు, అవే తొర్రలు.
"ఇది కంపెనీది, ఇది లోకల్.
బండి రెండు వేల మూడు మాడలంటివి,
దానికెందుకయ్యా పట్టుచీర?"

నిజమే.
నేను దానికి కట్టినవన్నీ లోకలే.
అద్దం లోకల్, హారన్ లోకల్,
వానకు అలిగే వైపరు లోకల్,
తలుపు గుంజే పిడి ఏ బండిదో నాకే తెల్వది.
పుట్టినప్పటిది
ఇంజన్ నంబరొక్కటే మిగిలింది.

లెక్క చేసుకున్న.
పిల్లకు ఏడు వందలు. జూన్ నెలయి ఇంకా ముగ్గురియ్యలే.
గ్యాసు, ఇన్సూరెన్సు,
ఫిట్‌నెస్ కాడ అడిగే చాయ్‌పైసలు.
మూడు వందల ఎనభై డబ్బ
నా జేబును పేరు పెట్టి పిలుస్తున్నది.

పెద్ద డబ్బ మీద మెరిసే బిళ్ల ఒకటి,
పక్కకు వంచితే రంగులు మారేది.
"ఇది ఉంటే ఒర్జినల్" అని సేటు వేలు పెట్టి సూపిచ్చిండు.

ఇసొంటి బిళ్లనే మా అన్న ఓదేలు
మిరప విత్తనాల పొట్లం మీద నాకు సూపిచ్చిండు.
నాలుగెకరాలు.
చెట్టు నడుమెత్తు పెరిగింది, ఆకు నిగనిగలాడింది,
కాయ ఒక్కటంటే ఒక్కటి కాయలే.
అన్న ఆ ఖాళీ పొట్లాలు పారెయ్యలే,
రసీదుతో కలిపి దూలం సందుల చెక్కిండు.
ఆ ఏడు ఎవలెవలియో మిర్చి బస్తాలు
ఎనుమాముల యార్డుకు కిరాయికి మోసిన.
కండ్ల నీళ్లు కారుతుంటే
ఘాటుకే అని చెప్పేటోన్ని.

అందుకే బిళ్లను నేను నమ్మ.
చేతికొక ముక్క పట్టుకొని
సేటు ముందట తక్కెడ లెక్క నిలవడ్డ.
గోరుతోని గీకిన.
లోకల్‌ది పొడి రాలింది. కంపెనీది రాలలే.
దాంతోని అది ఒర్జినలని తేలిందా, తేలలే.
గోరుకు తెలిసేది గోరంతే.

"సేటూ, నీ కారుకు ఏది ఏసినవ్?"
సేటు పెన్ను మూత తీసిండు, పెట్టిండు.
"నా బండి షోరూంకు పోతది."

అంకూస్‌కు ఫోన్ చేసిన.
"వైపరైతే లోకల్ ఏస్కొమ్మని నేనే అంటుంటి.
వైపరు చెడితే నువ్వు బండి ఆపుతవ్.
ఇది చెడితే..."
ఎవలో పిలిచిండ్రు. రించి కిందపడ్డ సప్పుడు.
ఫోన్ కట్టయింది.

మూడు వందల ఎనభై లెక్కపెట్టి కౌంటర్ మీద పెట్టి
పెద్ద డబ్బ నా దిక్కు జరుపుకున్న.
"మిగిలింది వచ్చే నెల" అన్న.
సేటు నా మొఖం చూసి, డబ్బ చూసి, ఖాతా తెరిచిండు.
రాజమొగిలి అని చెప్తే రాజమల్లు అని రాసిండు.
నేను దిద్దలే.
బాకీ తీర్చే రోజు సూద్దాం ఎవలిదో.

తెల్లారి అదే మూలమలుపు.
బర్రె అడ్డమొచ్చింది, తొక్కిన.
కొత్త మసాలా కాలిన వాసన,
బండి సప్పుడు లేకుంట నిలవడ్డది.
ఒర్జినలో కాదో నాకు ఇంకా తెల్వది.
అద్దంల చూసిన.
జూన్ పైసలియ్యని ముగ్గురిల చిన్నది
కిటికీకి చెంప ఆనిచ్చి పండుకున్నది,
లేవనన్నా లేవలే.