చెప్పులో చీటీ

వంతెన లేపడం, పడవ దాటేదాకా చూడడం, వంతెన దించడం.
ఇరవై రెండేళ్లుగా నా కొలువు ఇంతే.
సందు దొరికితే చదువు.

ఫ్రీస్‌లాండ్ కాలువ మీద అద్దాల గది నాది.
గాలం కర్రకి చెక్కచెప్పు కట్టి
పడవల మీదికి ఊపుతాను,
వాళ్లు సుంకం డబ్బులు అందులో వేస్తారు.
ఈ ఏడు ఆ చెప్పుని వట్టిగా పంపబుద్ధి కాలేదు.
చదివిన పుస్తకం గురించి ఒక చీటీ రాసి
మడిచి బొటనవేలి దగ్గర దూర్చాను.
చెప్పు అన్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా.

మార్చిలో, ఇసుక బార్జి నడిపే హోత్సేకి:
"నాచు మీద నాలుగొందల పేజీలు.
రాసినాయన పదకొండేళ్లు ఒకే గోడ ముందు కూర్చున్నాడు.
మొదటి వందా నిద్రమాత్ర.
నూట ఆరో పేజీలో వాన పడుతుంది.
అందాకా ఓపిక పట్టు."
ఆరు వారాలకి అతను తిరిగొచ్చినప్పుడు
చెప్పులో నాణెం పక్కన
గుప్పెడు తడి నాచు.

మేలో, యుద్ధకాలపు ఆకలి చలికాలంలో
ఎవరో గృహిణి రాసుకున్న వంటల పుస్తకం.
తులిప్ దుంపల పులుసు, చెరకుదుంప తొక్కల రొట్టె.
ప్రతి వంట కిందా ఒకటే మాట: పిల్లలు తిన్నారు.
చివరి పేజీల్లో: చిన్నాడు తినలేదు.
ఆ చీటీ మీద "వండొద్దు, చదువు చాలు" అని రాసి
ఎవరికీ పంపలేక నా జేబులోనే ఉంచుకున్నాను.

స్నేక్ ఊళ్లో పాతపుస్తకాల బండి మీద కొన్న
అపరాధ పరిశోధనకి ఆఖరి కాగితం లేదు.
"హంతకుడెవరో నాకూ తెలీదు, నీకెవరి మీద అనుమానం?"
అని మూడు పడవలకి రాశాను.
మూడు పేర్లు వచ్చాయి.
ఒకావిడ ఏకంగా నా పేరే రాసింది.

అందరూ ఆకాశానికెత్తిన లావుపాటి నవల ఉందే,
దానికి చీటీ లేదు.
గాలికి కొట్టుకునే కిటికీ రెక్కకి ఆసరా పెట్టాను.
ఆ పనికైతే కళ్లు మూసుకుని సిఫారసు చేస్తాను.

ఒకాయన నా చీటీతోనే చుట్ట వెలిగించుకున్నాడు,
నా కళ్లెదుటే.
అదీ ఒక అభిప్రాయమే.

ఆగస్టులో 'ఇద్దరు చెల్లెళ్లు' అనే పడవ నుంచి
బడి లేక పడవలోనే అక్షరాలు దిద్దే ఆఫ్కె,
తొమ్మిదేళ్లు, ముందు పళ్లు రెండు లేవు,
వంకర రాతలో అడిగింది:
"నీ పుస్తకాల్లో కుక్కలు ఎందుకు లేవు?"

లెక్క చూసుకున్నాను. నలభై ఒక్క పుస్తకాలు.
గుర్రాలున్నాయి, తేనెటీగలున్నాయి, ఒక బిషప్పు ఉన్నాడు.
అపరాధ పరిశోధనలో కుక్క ఉంది కానీ
రెండో పేజీలోనే చచ్చిపోతుంది,
అది లెక్కలోకి రాదు.

సెప్టెంబరంతా కుక్క కోసం వెతికాను.
దొరికింది. గొప్ప పుస్తకమేమీ కాదు,
రచయితకి కామాల పిచ్చి.
కానీ ముప్పయ్యో పేజీలో ఒక కుక్క
మూసిన తలుపుని తెల్లవార్లూ గీకుతుంది,
లోపల ఎవరున్నారో అది మనకి చెప్పదు.
రెండుసార్లు చదివాను. చీటీలో ఇమడలేదు.

జనవరి నుంచి ఈ వంతెనని
లేవర్దెన్‌లో ఎవరో తెర ముందు కూర్చుని లేపుతారట.
కెమెరాలు బిగించి పోయారు.
వాటికి సుంకం అక్కర్లేదు, చెప్పూ అక్కర్లేదు.
'ఇద్దరు చెల్లెళ్లు' ఇంకా దక్షిణాదినే ఉందని,
మంచు గడ్డకట్టేలోపు రావచ్చని
హోత్సే అంటున్నాడు. రాకపోవచ్చని కూడా.

పుస్తకానికి మైనపుగుడ్డ చుట్టాను.
రాత్రి, పడవలు లేని వేళ,
చెప్పులో దాన్ని ఇరికించి
నల్లటి నీళ్ల మీదికి ఊపి చూశాను.
కర్ర బాగా వంగింది.
విరగలేదు.