గడి లేని మాట

సిరొంచ దవాఖాన, వెనకటి గది.
పేర్లు నల్లసిరాతోటి కొట్టేసి
అంకెలే ఎక్కియ్యమన్నరు నాగపూర్ సార్లు.
కాయితానికి మూడు రూపాలు.

రెండువందల పన్నెండు:
ఆడ. పందొమ్మిదేండ్లు. సికిల్‌సెల్.
నెత్తురెక్కిచ్చింది ఆరుసార్లు.
మరాఠీ రాత పక్కన, అంచుకు,
ఏ నర్సమ్మనో తెలుగుల గీకింది:
"ప్రాణహిత పొంగింది, పడవ లేదు, రేపొస్తది."

మా ఫారంల ఆ గడి లేదు.

వేలిముద్ర సుత పేరే గద సార్ అంటే
నవ్విండు. అదీ కొట్టెయ్యన్నడు.
ఈ అంకెలల్లకెల్లి మందు పుడ్తదట.
పుట్టనీ,
నా చెల్లె బిడ్డకూ అదే రోగం.

కొట్టేసిన.
సిరా ఆరేదాంక
దుర్గం లసుంబాయి, దుర్గం లసుంబాయి
అనుకుంట కూసున్న.

రెండువందల పదమూడు తీసిన గని
కండ్లు ఇంకా ఆ అట్టలనే
ఎతుకుతున్నయి
రేపటి తారీఖు.