మూడువందల పన్నెండో పెట్టె

సెనేటర్ హోబర్ట్ స్కాగ్స్ పోయిన ఆరు వారాలకు
ఆయన గ్యారేజీ మొత్తం లారీ ఎక్కి
మా యూనివర్సిటీ నేలమాళిగలో దిగింది.
నాలుగువందల ఏడు పెట్టెలు. రెండింట్లో ఎలుకలు.
ఒకదాంట్లో ఒంటి బూటు తప్ప ఏమీ లేదు.

నా పని చిన్నది.
కాగితం చిరగకుండా తుప్పు పిన్నులు ఊడదీయడం.
ఇరవై ఆరేళ్ల అధికారం
సాయంత్రానికి ఎర్రటి పొడి అయి
వేళ్లకు అంటుకుంటుంది. సబ్బుకు పోతుంది.

పరిశోధకులు వస్తారు, పెన్సిళ్లు మాత్రమే పట్టుకుని.
అందరికీ గని బిల్లు పెట్టే కావాలి:
ఆ రాత్రి ఆయన మాట మార్చి ఎందుకు ఓటేశాడు?
దాని మూత అంచులు మెత్తబడిపోయాయి.
మూడువందల పన్నెండు అడిగినవాడు లేడు.

అందులో ఓపల్ రాట్‌లిఫ్ ఉంది.
బొగ్గు కొండల కింద, వాగుకు అవతలి ఇల్లు.
ఏడాదికొకటి చొప్పున పంతొమ్మిది ఉత్తరాలు,
అడిగింది ఒక్కటే: వంతెన.
మొదటిది "గౌరవనీయులైన సెనేటర్ గారికి".
ఐదోది ఉత్త "హోబర్ట్".
పదకొండోదానికి పిలుపే లేదు,
"బడి బస్సు నిన్న కూడా అవతలే ఆగింది"
అని నేరుగా మొదలు.

ప్రతిదానికీ జవాబు నకలు గుచ్చి ఉంది:
"మీ అభిప్రాయం నాకెంతో విలువైనది."
సంతకం యంత్రానిది.
రెండు జవాబులు ఒకదానిమీద ఒకటి పెట్టి
దీపానికెత్తి చూశాను.
గీత వెంట్రుకవాసి జరగలేదు.

పద్నాలుగో ఉత్తరం అంచున మాత్రం
పెన్సిలు, ఆయన సొంత కోడిగీతలు:
"ఈమెకు నేనే ఫోన్ చేస్తాను. ఆదివారం."

చేశాడా?
ఫోన్ల చిట్టా అంతా తిరగేశాను.
ఆదివారాలు రాసే గుమాస్తా లేడు.
పదిహేనో ఉత్తరం
మళ్లీ "గౌరవనీయులైన సెనేటర్ గారికి" అని మొదలైంది.
అది మన్ననో, తలుపు మూసిన చప్పుడో
నాకింకా తెలియడం లేదు.

జాబితాలో నాకు దక్కింది ఒక్క వరుస:
"ప్రజల ఉత్తరాలు. రోడ్లు, రవాణా."
పదిహేడోదాంట్లో ఆమె మూత్రపిండాల సంగతి ఉంది గనుక
నలభై ఏళ్లు ఎవరికీ చూపకూడదు.
ముద్ర వేసింది నేనే.

పంతొమ్మిదో కవరు ఎవరూ విప్పలేదు.
విప్పడం నా ఉద్యోగం. విప్పాను.
అక్షరం లేదు. ఒక ఫోటో:
వాగు నిండుగా, ఒడ్డున పసుపు బస్సు,
తలుపు తెరిచి ఉంది.

ఫోటోలు వేరే పెట్టెలో పెట్టాలని నియమం.
నేను పెట్టలేదు.