ఇరవై అయిదు నిమిషాల వకాల్తా

వకాల్తా మీద సంతకం పెట్టించుకునేటప్పుడే చెప్పినాను
డాక్టర్ ఢిల్లీరాణికి:
"సారీ అనే మాట మీ నోట్లోనుంచి రాకూడదు మేడమ్.
మీరు దాన్ని కన్నీళ్లతో అంటారు,
అవతలి వకీలు కామాలతో సహా రాసుకుంటాడు."
ఆమె తలూపింది.
చేతివేళ్లు మాత్రం నా బల్ల అంచున
ఎవరి నాడినో వెతుకుతానే ఉన్నాయి.

జూన్ నెల. చిత్తూరంతా మామిడి గుజ్జు వాసన.
ఫ్యాక్టరీ గేటు కాడ మొదలైన ట్రాక్టర్ల వరస
మలుపు తిరిగి రోడ్డంతా నిలబడింది.
వాటినుంచి బుట్టలు దించే చెంగల్రాయులు
పెళ్లాం అముద ఫోటో, కేస్ షీటు జిరాక్సూ
ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని
వినియోగదారుల కమిషన్ మెట్లెక్కినాడు.
మెడికల్ కౌన్సిల్‌కు వేరే అర్జీ.
రెండింట్లోనూ ఒకటే మాట:
చచ్చిపోయినాక రాత మార్చినారు.

డాక్టర్ రాసిన టైము ఒంటిగంటా నలభై.
'రక్తం ఆగలేదు, వేలూరుకు పంపుతున్నాం.'
నర్సు వసంతకోకిల రాసిన టైము రెండూ అయిదు.
అదే వాక్యం, అదే రాత్రి,
నడమ ఇరవై అయిదు నిమిషాల గుంత.
ఇరవై రెండేళ్ల పేరు, గుమ్మం మీది బోర్డు
అందులోకి ఒరుగుతా ఉంటే
నేను సెక్షన్లు తిరగేస్తా కూర్చున్నా.

దారి చూపింది సెక్షన్లు కాదు,
మా గుమాస్తా గంగులప్ప.
ఆస్పత్రి చిల్లర ఖర్చుల పుస్తకంలో
ఆ మరుసటి రోజు పద్దు:
ఫినాయిలు, దూది, పాలు,
కాన్పుగది గడియారానికి బ్యాటరీ, పద్దెనిమిది రూపాయలు.
తెల్లారి కసువు ఊడ్చే ఆయా చూసిందంట,
కిటికీలో ఎండ, గోడ మీద నాలుగున్నర.
రాత్రంతా ఆ ముల్లు నడవలేదు, దేకింది.
డాక్టర్ గోడను చూసి రాసింది,
నర్సు సెల్‌ఫోను చూసి రాసింది.
దిద్దుబాటు లేదు. దొంగరాత లేదు.
గంగులప్పకు ఆ పూట బిరియానీ నా ఖర్చు.

చీటీ చూపిస్తే ఆమె నవ్వలేదు.
తిప్పి వెనకవైపు చూసింది. అక్కడ ఏమీ లేదు.
ఆ ఏమీ లేనిదాన్నే చాలాసేపు చదివింది.
"అయితే వకీలు గారూ,
పదిహేను నిమిషాలు చూద్దాం అని నేను ఆగింది
నలభై నిమిషాలా?"
"ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు మేడమ్,
మీరు వెయ్యొద్దు."
"వేసేసినా కదా," అనింది.

బోనులో నేను అడగాల్సినవి అడిగినాను,
ఆమె నేర్పినట్టే చెప్పింది.
అవతలి వకీలుకు గడియారం అర్థమయింది,
నలభై నిమిషాలు అర్థం కాలేదు.
"ఇంకేం లేవు" అని కూర్చున్నాడు.
నేను ఊపిరి వదిలేలోగా ఆమె అనేసింది:
"నేను గడియారం చూసినాను సార్,
ఆ బిడ్డ ముఖం చూసుండాల్సింది."
టైపిస్టు తలెత్తి నా వైపు చూసినాడు.
టైపు కొట్టాలా వద్దా అన్నట్టు.

తీర్పు వచ్చింది. దొంగరాత ఆరోపణ కొట్టివేత.
ఆలస్యానికి ఆరు లక్షలు.
కౌన్సిల్‌వాళ్లు మూడు నెలలు పేరు పక్కన పెట్టినారు.
సగం గెలుపుకు ఫీజు ఎంతని ఆమె అడగలేదు,
పూర్తిగా ఇచ్చింది.

కోర్టు బయట టీ బంకు దగ్గర
చెంగల్రాయులు తనే వచ్చి పక్కన నిలబడినాడు.
గోళ్ల సందుల్లో ఇంకా మామిడి జీడి నలుపు.
"వాయిదాకొకసారి ఆయమ్మ ముఖం చూసేవాణ్ని సార్,
ఒక మాటేమన్నా అంటాదేమోనని.
ఎందుకో నేల చూసేది."
ఎవరు చూడమన్నారో ఆయప్ప అడగలేదు.
గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.
నేను జేబులో చెయ్యి పెట్టేలోగా
రెండు టీలకూ ఆయప్పే ఇచ్చేసినాడు.