కావచ్చు

రావులపాలెంలో అరటి గెలల యార్డు పైన నా గది.
కింద వేలం అరుపులు సద్దుమణిగాక
నేను పాయింటర్ల వెంట తిరుగుతాను.
పి అనే వేలు ఎటు చూపిస్తోంది?
క్యూ అనే వేలూ అక్కడికేనా?
ఏ దారిన పోయినా, ఎప్పుడైనా,
ఇవి రెండూ ఒకే గడిని తాకుతాయా?

కంపైలరుకి నేను నేర్పగల జవాబులు మూడే:
అవును. కాదు. కావచ్చు.

కాదంటే హాయి.
ఒకసారి చదివిన విలువని రిజిస్టరులో పెట్టుకుంటే
లూపు వెయ్యిసార్లు తిరిగినా
మళ్ళీ మెమరీ దాకా నడవక్కర్లేదు.
కావచ్చు అన్నామా,
తిప్పుతిప్పుకీ నడకే.

లొల్ల లాకుల దిగువన లస్కరు నూకరాజుది ఆ నడకే.
మూడున్నర మైళ్ళ గట్టు, చెవి మీద పెన్సిలు.
పొద్దున్న స్కేలు చూసి నాలుగడుగుల రెండంగుళాలని రాసుకున్నవాడు
పదింటికి మళ్ళీ వెళ్ళి చూస్తాడు.
రాసుకున్నారుగా, అంటే
"నేను రాసుకున్నానని నీళ్ళకి తెలుసేంటండీ?
పైన ఎవడు ఏ పేరు చెప్పి తలుపెత్తాడో!"

పేర్లతోనే చిక్కు.
కుడి గట్టు వాళ్ళకి అది మునసబు తూము,
ఎడమ గట్టు వాళ్ళకి పిల్లి తూము,
మ్యాపులో పదకొండు ఎల్.
తలుపు ఒక్కటే.
దాని మరకి గ్రీజు పెట్టేది నూకరాజే.

పోయిన నెల నేనో తెలివైన పని చేశాను.
రకాలు వేరైతే చోట్లూ వేరేనని
మా కంపైలరుకి నూరిపోశాను.
పూర్ణాంకాన్ని చూపే వేలూ దశాంశాన్ని చూపే వేలూ
ఒకే గడి మీద ఎందుకు వాలతాయి?
టెస్టులన్నీ పాసు. వేగం ఏడు శాతం పెరిగింది.
టీం లీడరు కాజాలు తెప్పించాడు.

ఆ వారమే సెక్షను ఆఫీసులో
వరికో పుస్తకం, చేపల చెరువులకో పుస్తకం పెట్టారు.
పుస్తకాలు రెండు గనక తూములూ రెండనుకున్నారు.
వరి పుస్తకంలో మునసబు తూము ఎత్తి ఉంది.
చెరువులు నిండాయని పిల్లి తూము దించమన్నారు.
నూకరాజు టైఫాయిడ్‌తో మంచం మీద. బదులొచ్చిన కుర్రాడు దించేశాడు.
వరి పుస్తకం మాత్రం
ఎత్తే ఉంది, ఎత్తే ఉంది అంటూనే ఉంది
తొమ్మిది రోజులు,
గుత్తుల అచ్చియ్యమ్మ కౌలుచేను నెర్రెలిచ్చేదాకా.

నాకు బగ్ వచ్చిందీ అప్పుడే.
ఎవరో ఒకే గడిని రెండు రకాలుగా చూశారు.
నా రిజిస్టరులో పాత విలువ
కొత్తదానిలాగే నిగనిగలాడుతోంది.
రూలు ప్రకారం తప్పు వాళ్ళదే అన్నాడు లీడరు.
నిజమే.
అచ్చియ్యమ్మతో ఆఫీసు వాళ్ళూ అదే అన్నారు.

ఈ రాత్రి ఆ ఏడులో నాలుగు శాతం వెనక్కిచ్చేశాను.
నిద్రపట్టక ఫోను చేశాను:
నూకరాజుగారూ, నీళ్ళెంతున్నాయి?
"సాయంత్రం మూడూ పదండి. ఇప్పుడంటే... ఉండండి."
ఫోను పెట్టెయ్యలేదు.
గట్టు మీద చెప్పుల చప్పుడు
వింటూ కూర్చున్నాను.