కాల్‌బాయ్ ఓదెలు

రాత్రి రెండు కొట్టంగనే
ఓదెలు తాతకు ఇప్పటికీ మెలకువొస్తది.
కాజీపేట షెడ్డు చల్లారి ముప్పయ్యేండ్లాయె.

లాంతరు, సంతకాల బుక్కు పట్టుకొని
క్వార్టర్ల తలుపులు కొట్టేటోడు:
"ఫ్రాన్సిస్ సాబ్! బల్హార్షా గూడ్సు!"
లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడు,
సద్దిగిన్నె మూత చప్పుడు.

అప్పటికే ఇంజను
కడుపునిండ నీళ్లు తాగి బుసకొడుతుండేది.
ఆరేసిన ధోతుల మీద మసిచుక్కలు.
ఆడోళ్లు తిట్టుకుంటనే
బూడిదగుంతల బొగ్గు ఏరుకపోయేటోళ్లు.

కరెంటు బండ్లు
ఎవర్నీ లేపకుండనే దాటిపోతున్నయి.

మొన్న మనుమరాలు అడిగింది,
పొగబండి ఎట్ల కదులుతుండె తాతా అని.
నోరు తెరిచిండు.
దగ్గు తెర కమ్మింది, ఒకటెనుక ఒకటి.

"ఆగు పిల్లా,
చలికాలం
మొదలు గిట్లనే లేస్తుండె."